బెంచీలు మీవి, బోర్డు నాది

నా చిన్నప్పుడు మా ఊరి బడిలో ముందు, వెనక అనేవి ఉండేవి కావు. ఒకే గది, పైన పెంకులు, కింద నాపబండలు. ఎవరి గోనెపట్ట వాళ్ళు చంకలో పెట్టుకొని వచ్చి బుద్ధి పుట్టిన చోట పరుచుకునేవాళ్ళం. ఎండాకాలమైతే కిటికీ దగ్గరికి, చలికాలమైతే ఎండపొడ పడే చోటికి, వాన వస్తే పెంకులు కారని మూలకు పట్టలతో సహా జరిగేవాళ్ళం. పాఠం మధ్యలో జరిగినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. మా ఊరు మదనపల్లెకూ పుంగనూరుకూ మధ్యలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే వస్తుంది. చెనిక్కాయలు, రాగులు, కాసిని గొర్రెలు, దయ కలిగినప్పుడు వాన. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేని ఊరు. అలాంటి ఊళ్ళో, బడిలో పిల్లలు కూర్చునే చోటు గురించి మనుషులు మాటలు మానుకునేదాకా వ్యవహారం పోతుందని ఎవరూ అనుకోలేదు.

అంతా బెంచీలు రావడంతో మొదలైంది. మదనపల్లెలో ఏదో పెద్ద బడివాళ్ళు కొత్త బెంచీలు చేయించుకొని పాతవి మా బడికి ఇచ్చేశారు. అవి ఎద్దులబండి మీద ఊళ్ళోకి వస్తుంటే మేమంతా పెళ్ళి ఊరేగింపు వెంట పోయినట్టు బండి వెంట పోయాం. మా జేజి, అంటే మా నాయన తల్లి, బండికి ఎదురుపోయి టెంకాయ కొట్టింది. గది పొడుగ్గా ఉండటం వల్ల బెంచీలను ఒకదాని వెనక ఒకటి వేయక తప్పలేదు. ఆ సాయంత్రానికి మా బడికి మొట్టమొదటిసారిగా ముందు వరస ఒకటి, వెనక వరస ఒకటి పుట్టాయి. వాటితోపాటే తగాదా కూడా పుట్టింది.

అప్పుడు మా బడికి ఉన్నది ఒక్కరే అయివారు. మా వైపు బడిపంతులును అయివారనే అంటాం. ఆయన కుప్పం మనిషి. పెళ్ళి కాని కుర్రవాడు. సన్నగా, రెండు వైపులా చెక్కిన పెన్సిలులా ఉండేవాడు. మా ఇంటి పక్క గదిలో అద్దెకుండేవాడు. పిల్లల్ని కొట్టడం ఆయనకు చేతకాదు. అరవడం అంతకన్నా చేతకాదు. ఆయన గొంతు ఎంత చిన్నదంటే, కోపం వచ్చినప్పుడు కూడా రహస్యం చెబుతున్నట్టే ఉండేది. పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో వాళ్ళ ఊరి ముచ్చట ఒకటి విసిరేవాడు. అన్నిట్లోకీ ఆయనకు ఇష్టమైనది కుక్కల ముచ్చట.

"మా కుప్పంలో కుక్కలకు గూడా మూడు బాసలు వస్తాయప్పా. దొంగ తమిళం పక్కనుంచి వస్తాడో, కన్నడం పక్కనుంచి వస్తాడో, మన తెలుగోడే వస్తాడో తెలీదు గదా. అందుకని మూడిట్లోనూ మొరిగేది నేర్సుకోవాల!"

ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ బడి బడంతా నవ్వేది.

బెంచీలు వేసిన మొదటి రోజు ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు కూర్చున్నారు. ఆ సాయంత్రమే ఊరికి పెద్దాయన బడికి వచ్చాడు. ఆయన్ని మేమంతా పెద్దింటి మామ అనేవాళ్ళం. ఊళ్ళో అందరికన్నా పొలమూ, అందరికన్నా పెద్ద తలపాగా ఆయనవే.

"ఏమప్పా అయివోరా, బడికి స్థలమిచ్చింది మా నాయన. మావోడు మూడో బెంచీలో కూసుంటే, మా నాయన ఆత్మ యాడ కూసోవాల?" అని అడిగాడు.

దీనికి ఏ శిక్షణలోనూ జవాబు నేర్పి ఉండరు. అయివారు మర్నాడు ఆ పిల్లవాణ్ణి మొదటి బెంచీలోకి మార్చాడు. అలా మార్చినందుకు అక్కడి నుంచి లేవాల్సి వచ్చింది అంగడి పిన్నమ్మ కూతురు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క అంగడి వాళ్ళది. పిన్నమ్మ మధ్యాహ్నం అంగడికి తడిక అడ్డం పెట్టి మరీ వచ్చింది. మా పాపకు సూపు ఆనదు, ముందు కూర్చోకపోతే బోర్డు మసకమసగ్గా కనపడుతుంది అంది. ఆ పాప అంగడి గడప మీద కూర్చొని గుట్ట మీద మేసే ఎనుము ఎవరిదో చెప్పగలదని మా అందరికీ తెలుసు. అయినా పిన్నమ్మ కళ్ళలో నీళ్ళు చూసి అయివారు ఆ పాపను మళ్ళీ ముందుకు తెచ్చాడు. ఈసారి లేచింది నేను.

మా నాయన మంచివాడే గాని పౌరుషం ఎక్కువ. పెద్దింటివాళ్ళూ అంగడివాళ్ళూ ముందు కూర్చొని మేము వెనక కూర్చోవడం ఆయనకు గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. అన్నం తింటూ చాలాసేపు ఆలోచించి చెప్పాడు.

"రేపట్నుంచి నీకు చెవులు సరిగ్గా ఇనపడవు. అయివోరు అడిగితే ఇనపడదని చెప్పు."

"ఇనపడకపోతే ఆయన అడిగింది నాకెట్లా తెలుస్తాది నాయనా?" అన్నాను.

ఆయన ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆగాడు. నా వంకా మా అమ్మ వంకా చూశాడు. "బడికి పోతే ఇదే వచ్చేది, ఎదురు మాటలు" అని ముద్ద మింగాడు.

మర్నాటి నుంచి నాకు చెవులు వినపడటం మానేశాయి. అయివారు పేరు పెట్టి పిలిస్తే బొమ్మలా కూర్చునేదాన్ని. మూడు పిలుపులకు ఒకసారి పలికేదాన్ని. నా చెవుల పుణ్యాన ముందు బెంచీ కొసన చోటు దొరికింది. ఒక పూట అంగడివాళ్ళ పాప బొరుగుండ, అదే మరమరాల ఉండ, ఒకటి తెచ్చింది. నోరు విప్పకుండా పళ్ళ సందుల్లోంచి, "కావాల్నా?" అంది. అది నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా అంది. నా చెయ్యి మాత్రం టక్కున ముందుకు పోయింది. తలెత్తి చూస్తే అయివారు మమ్మల్నే చూస్తున్నాడు. మీసం కొస కొంచెం కదిలింది, అంతే. బోర్డు వైపు తిరిగిపోయాడు.

ముందు బెంచీకి దారి దొరికిందని తెలిశాక ఊరంతా అదే దారి పట్టింది. ఒకడికి మెడ పక్కకు తిరగదన్నారు. ఒకామె తన కొడుక్కి వెనక కూర్చుంటే బస్సులో కూర్చున్నట్టు తల తిరిగి వాంతి వస్తుందంది. ఇంకొక పిల్లకు ముందు మనిషి వీపు కనపడితే భయమట. కొన్నాళ్ళకు మా బడి చూస్తే ధర్మాసుపత్రి వరండా గుర్తుకొచ్చేది. పాపం, అయివారు అందరినీ ఒప్పించాలని రకరకాలుగా ప్రయత్నించాడు. పొట్టివాళ్ళను ముందు, పొడుగువాళ్ళను వెనక కూర్చోబెడితే పొడుగువాళ్ళ తల్లులు వచ్చారు. "మా బిడ్డకు కడుపు నిండా పెట్టి పెంచడమే తప్పయిపాయనా?" అని నిలదీశారు. ఎవరు ముందొస్తే వాళ్ళకే అంటే, ఆయన ఇంకా వేపపుల్ల నములుతుండగానే పిల్లలు బడి తలుపు ముందు వరస కట్టి నిద్రపోయేవాళ్ళు. చీట్లు వేస్తే, చీటీ రానివాళ్ళు చీట్లు ముందే మడిచి పెట్టాడన్నారు. ఆఖరికి ముందు చోటు అడిగినవాళ్ళకు వారానికి కొందరి చొప్పున వంతులు పెట్టాడు.

ఇన్ని మార్పులు జరుగుతున్నా ఒక్క పిల్ల మాత్రం కదల్లేదు. ఆమె గొర్రెల తాత మనవరాలు. అందరికంటే వెనక, తలుపు పక్కన ఆమె చోటు. ఆమె కోసం అడగడానికి ఎవరూ రాలేదు. గొర్రెల తాత పొద్దున్నే మందను తోలుకొని గుట్టకు పోతే పొద్దుకుంకి వచ్చేవాడు. బడిలో ముందో వెనకో ఒకటుంటుందని ఆయనకు తెలిసినట్టే లేదు. ఆ పిల్ల అందరితోపాటు వచ్చేది, అందరితోపాటు నవ్వేది, అందరితోపాటు పోయేది. మంచి పిల్ల అని అనుకునేవాళ్ళం, అంతకుమించి పట్టించుకోలేదు.

వంతు ప్రకారం తన కొడుకూ వెనక్కి పోవాలనేసరికి పెద్దింటి మామ కోపంతో వాణ్ణి బడి మాన్పించాడు. ఆయన మాన్పించాక మనమెందుకు పంపాలని అంగడి పిన్నమ్మ మాన్పించింది. ఆ రెండు చోట్లూ ఖాళీ అయ్యాయి గదా, ఇక నేను హాయిగా మధ్యలో కూర్చోవచ్చని నేను సంబరపడ్డాను. కాని అయివారు ఆ వారం వంతు ప్రకారం నన్ను వెనక్కి పంపాడు. ఆ మాట ఇంట్లో తెలిసింది.

"ఎనక కూసునేదానికి బడే యాల? ఆ ఎనక పోయేదేదో ఆవుల ఎనకే పోతుంది" అన్నాడు మా నాయన.

మా జేజి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన మాత్రం దిగి రాలేదు. నేను ఆవుల వెంట పోయాను. మొదటి రోజు బాగానే ఉంది, రేగుపండ్లు దొరికాయి. రెండో రోజు గుట్ట మీద కూర్చుంటే బడిలో ఎక్కాలు చదువుతున్న చప్పుడు గాలి మీద వచ్చింది. నేనూ గొంతు కలిపాను. కొంతసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. నేనొక్కదాన్నే ఆవులకు పదమూడో ఎక్కం చెబుతున్నానని తెలిసి నాకు ఏడుపొచ్చింది. అంతకు ముందు బడి అంటే నాకు ఇష్టమని నాకే తెలియదు.

బడిలో పిల్లలు రోజురోజుకూ తగ్గిపోయారు. పిల్లలు లేని బడికి అయివారెందుకని పైవాళ్ళు బడినే ఎత్తేస్తారని పుకారు లేచింది. ఒక సాయంత్రం మా జేజి అలవాటు ప్రకారం అయివారికి సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి తీసుకొని పోయింది. నేను చెంబుతో మజ్జిగ పట్టుకొని వెనకే పోయాను. ఆయన రేకుపెట్టె తెరిచి బట్టలు సర్దుకుంటున్నాడు.

"యాడికప్పా?" అంది జేజి.

"మా ఊరికి పోతా జేజమ్మా. నా వల్ల బడి బాగుపడేది పోయి మూతబడేట్టుండాది."

"ముందు సంగటి తిను. కడుపు కాలేటప్పుడు ఏదీ తేల్సుకోగూడదు."

ఆయన కాళ్ళు మడుచుకొని కూర్చొని తినసాగాడు. జేజి ఎదురుగా కూర్చొని ఊళ్ళో అందరినీ పేరు పేరునా తిట్టింది, ముఖ్యంగా కన్నకొడుకును. "ఏందప్పా ఆ ముందు బెంచీలో ఉండేది? బెల్లమా?" అంది. ఆయన తలుపులోంచి ఎదురుగా కనపడుతున్న బడి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టాడు. చేతిలో సంగటి ముద్ద వణికేంతగా నవ్వాడు. జేజి ఇంటికి వచ్చి మా అమ్మతో చెప్పింది: "ఆ పిల్లోడికి దిష్టి తగిలినట్టుండాది. ఒక్కడే నవ్వుకుంటాండాడు."

మర్నాడు అయివారు ఇల్లిల్లూ తిరిగాడు. ఆదివారం పొద్దున ఇంటికొక పెద్దమనిషి బడికి రావాలన్నాడు. తనకు చేతకావడం లేదనీ, ఎవరి పిల్లలు ఎక్కడ కూర్చోవాలో పెద్దలే తేల్చాలనీ దండం పెట్టి చెప్పాడు. "మీరు ఏ చోట కూసుంటే మీ పిల్లల్ని ఆ చోటే కూసోబెడతా. ఇంక మార్చేది లేదు" అన్నాడు. ఊరికి ఇది చాలా న్యాయంగా కనపడింది.

ఆదివారం మా నాయన ఆవుల పాలు కూడా పిండకుండా బయలుదేరాడు. అయినా ఆలస్యమైపోయింది. పెద్దింటి మామ తెల్లవారకముందే జీతగాణ్ణి పంపి ముందు బెంచీ మీద తుండుగుడ్డ వేయించాడు. పుంగనూరు బస్సులో కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు పట్టుకుంటారు చూడండి, అదే పద్ధతి. అంగడి పిన్నమ్మ ఆ తుండుగుడ్డను మర్యాదగా మడిచి పక్కన పెట్టి అదే చోట కూర్చుంది. ఆమె పక్కన మామ. మామ పక్కన మా నాయన సగం బెంచీ మీద, సగం గాలి మీద. అయిదుగురు పిల్లలు పట్టే బెంచీ మీద ఊళ్ళో ఉన్న పౌరుషమంతా ఇరుక్కొని కూర్చుంది. ఒకరు ఊపిరి పీలిస్తే పక్కవాళ్ళు ఊపిరి వదలాల్సి వచ్చేది.

మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. మేమంతా కిటికీలు పట్టుకొని వేలాడుతున్నాం. నాకు వెనక గోడ పక్కనున్న కిటికీ దొరికింది. గొర్రెల తాత మనవరాలు నా పక్కనే ఉంది.

చివరగా గొర్రెల తాత వచ్చాడు. మందను బడి బయట నిలబెట్టి వచ్చాడు కాబట్టి, తలుపులోంచి వాటిని చూసుకునేందుకు అందరికంటే వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆయన వెనకాలే మా జేజి కూడా లోపలికి వచ్చింది. మా నాయన తల తిప్పలేక కళ్ళు మాత్రం తిప్పి, "నువ్వు యాల వచ్చినావమ్మా? ఇంటికొక్కరే" అన్నాడు.

"నేను బెంచీకి రాలేదులేప్పా. నా కొడుకు బడికి పోతే ఎట్లుంటాడో ఎప్పుడూ సూడలా. సూద్దామని వచ్చినా" అని ఆమె తాత పక్కన చేరగిలబడింది.

అయివారు అందరినీ కలియజూశాడు. "సరిగ్గా కూసున్నారా? ఇదే ఖాయమా?"

"ఖాయం" అన్నాడు మామ. "ఇంక దేవుడొచ్చి చెప్పినా మారేది లేదు."

"అయితే పాఠం మొదలుపెడదాం" అన్నాడు అయివారు. మా బడి బోర్డు గోడకు కొట్టింది కాదు, మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టిన నల్లచెక్క. ఆయన ఆ చెక్కను చంకలో పెట్టుకొని, స్టాండు భుజాన వేసుకొని బెంచీల పక్కనుంచి నడుచుకుంటూ గది రెండో కొసకు పోయాడు. వెనక గోడ దగ్గర స్టాండు నిలబెట్టి, దాని మీద బోర్డు పెట్టి, సుద్దముక్క తీసుకున్నాడు.

బయట ఒక గొర్రె అరిచింది.

"అయివోరా, బోర్డు ఆడికి యాల తీసకపోతివి?" అంది పిన్నమ్మ గోడను చూస్తూనే. వెనక్కి తిరగడానికి ఆమెకు చోటు లేదు.

"ఈడ పెట్టుకుందామనిపించిందమ్మా."

"ముందు కూసుండేది మేము గదప్పా!"

"కూసోండి. మిమ్మల్ని లెయ్యమన్నది ఎవురు? బెంచీలు మీవి, బోర్డు నాది. మీరు బెంచీలో యాడ కూసున్నా నేను అడగను. నేను బోర్డు యాడ పెట్టుకున్నా మీరు అడగొద్దు."

అప్పుడు ముందు బెంచీ మొత్తం ఒకేసారి వెనక్కి తిరగబోయింది. పాత బెంచీ, దానికి ఇలాంటి బతుకు అలవాటు లేదు. ఒకసారి మూలిగింది, ఒక పక్కకు ఒరిగింది, తర్వాత అందరినీ బండల మీద కుప్ప పోసింది. పెద్దింటి మామ తలపాగా ఊడి దొర్లుకుంటూ పోయి మా జేజి కాళ్ళ దగ్గర ఆగింది. మనిషి వెనకబడిపోయినా తలపాగా మాత్రం ముందు వరసకు చేరింది. కిటికీల్లో ఉన్న మేము నవ్విన నవ్వుకు ఇద్దరు పిల్లలు జారి కింద పడ్డారు. ఒకదాన్ని నేనే. వెంటనే లేచి మళ్ళీ కిటికీ ఎక్కాను. అది వదులుకునే వేడుక కాదు.

అయివారు నవ్వలేదు. అందరూ దుమ్ము దులుపుకొని దొరికిన చోట కూర్చునేదాకా ఆగి, బోర్డు మీద ఒక అక్షరం రాసి గొర్రెల తాతను అడిగాడు.

"తాతా, ఇదేం అక్షరం?"

"నాకు అచ్చరం రాదు గదప్పా. నన్ను యాల అడుగుతావు?"

"రాదని తెలిసే అడుగుతాండా. రానోళ్ళు నా దగ్గరుండాల. వచ్చినోళ్ళకు యాడ కూసున్నా వస్తాది."

తాత ఆ అక్షరాన్ని కొత్తగా పుట్టిన గొర్రెపిల్లను చూసినట్టు తల అటూ ఇటూ వాల్చి చూశాడు. తర్వాత అయివారు తన మామూలు గొంతుతోనే, ఆ రహస్యం చెప్పే గొంతుతోనే, కుప్పం కుక్కల ముచ్చట చెప్పాడు. జేజి పగలబడి నవ్వింది. తాత తొడ చరిచి నవ్వాడు. మధ్య బెంచీలవాళ్ళు సగం సగం నవ్వారు. అవతలి కొసన మామ, "ఏమన్నాడప్పా? ఏమన్నాడప్పా?" అని పక్కవాళ్ళను పొడుస్తున్నాడు. మా నాయన మెడ కొంగలా సాగదీసి చూస్తున్నాడు. అంగడి పిన్నమ్మ మాత్రం గట్టిగా నవ్వింది.

"నువ్వు యాల నవ్వితివమ్మా?" అని అడిగాడు అయివారు.

పిన్నమ్మ తడబడింది. "అందరూ నవ్వినారు గదప్పా" అంది.

అప్పుడే నా పక్కనున్న గొర్రెల తాత మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల నవ్వుతోంది. అందరి నవ్వూ అయిపోయాక, వెనకబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేట్టు నవ్వుతోంది.

"కుక్కలా! ఇన్నాళ్ళూ మీరు నవ్వతాండింది కుక్కలకా!" అంది.

"నువ్వూ నవ్వేదానివి గదా?" అన్నాను.

"ఆయమ్మ మాదిరే" అని పిన్నమ్మను చూపించింది.

నాకు నవ్వు ఆగిపోయింది. వినపడే చెవులు పెట్టుకొని వినపడదని కూర్చున్న నా పక్కన, ఏమీ వినపడకుండానే అన్నీ విన్నట్టు కూర్చున్న పిల్ల నిలబడి ఉంది. అది ఎంత పెద్ద సంగతో అప్పుడు నాకు మాటల్లో తెలియదు. కాని ఆ పిల్ల చెయ్యి వదలబుద్ధి కాలేదు. వదలకుండానే కిటికీ దిగాను.

ఇంటికి పోయేదారిలో మా నాయన మాకంటే ముందు నడిచాడు. పంచె నిండా దుమ్ము. ఇంటి గడప దగ్గరికి వచ్చాక ఆగి, ఎటో చూస్తూ, "అమ్మా, ఆ అయివోరు కుక్కలనీ దొంగలనీ ఏందో చెప్పినాడే, ఏందది?" అని అడిగాడు. జేజి జవాబు చెప్పకుండా లోపలికి పోయింది. ఆయన వంటింటి దాకా వెంటపడ్డాడు. "ఎనక కూసున్నోళ్ళకు ఇనపడదులేప్పా" అంది ఆమె. సాయంత్రం దాకా చెప్పలేదు. చెప్పాక ఆయన నవ్విన నవ్వు మాత్రం పక్కగదిలో ఉన్న అయివారికి కూడా వినపడి ఉంటుంది. మర్నాడు పొద్దున ఆవులను ఆయనే తోలుకుపోతూ, నా పలకను నా చేతికిచ్చి, "యాడన్నా కూసో" అన్నాడు.

పెద్దింటి మామకు నాలుగు రోజులు ఎక్కువ పట్టింది. బెంచీ విరిగింది కాబట్టి వడ్రంగిని పిలిపించి తానే బాగు చేయించాడు. ఆ వంకతో కొడుకును కూడా పంపాడు. అయివారు రేకుపెట్టెలోంచి బట్టలు మళ్ళీ బయటికి తీశాడు.

అప్పటినుంచి వారానికొకసారి బోర్డు గోడ మారేది. బెంచీలు కదిలేవి కావు. ఒక వారం మొదటివాళ్ళు మొదటివాళ్ళే, ఇంకో వారం వాళ్ళే చివరివాళ్ళు. పక్క గోడకు పెట్టిన వారం అందరి మెడలూ సమానంగా నొప్పి పుట్టేవి. సాయంత్రం పూట అంగడి పిన్నమ్మ మమ్మల్ని ఆపి, "ఈ వారం ముందు ఏ పక్కమ్మా?" అని అడిగేది. ఏ పక్కో చెప్పినా అందులో గెలుపు ఎవరిదో ఆమెకు లెక్క తేలేది కాదు. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. ఊళ్ళో ఆనని చూపులు ఆనాయి. తిరగని మెడలు తిరిగాయి. నా చెవులు మాత్రం కొంచెం ఆలస్యంగా బాగయ్యాయి. ఒక్కసారిగా బాగైతే బాగుండదని మా అమ్మ చెప్పింది.

గొర్రెల తాత మనవరాలు బోర్డుకు దగ్గరగా కూర్చున్న మొదటి వారం అయివారికి ఊపిరాడనివ్వలేదు. అది యాల, ఇది యాల అని ఒకటే ప్రశ్నలు. ఆయన విసుక్కోలేదు గాని, శుక్రవారానికి ఆయన చిన్న గొంతు పూర్తిగా పోయింది. జేజి మిరియాల కషాయం కాచి ఇచ్చింది. ఆ పిల్లా నేనూ మదనపల్లెలో హైస్కూలు దాకా కలిసే చదువుకున్నాం. తర్వాత ఆమె పెళ్ళయి కుప్పం పక్కకే పోయింది. అయివారు అంతకుముందే బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో మాకు తెలియలేదు.

నాకిప్పుడు డెబ్బై దగ్గర పడుతోంది. మదనపల్లెలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మొన్న మా మనవరాలి బడిలో తల్లిదండ్రుల మీటింగుకు కోడలితో కలిసి పోయాను. పెద్ద హాలు, పైన ఫ్యాన్లు, ముసలిదాన్నని నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. మైకు ముందు ఒకమ్మాయి పిల్లల చదువుల గురించి బాగా మాట్లాడుతోంది. మధ్యలో ఏదో చమత్కారంగా అంది, అందరూ నవ్వారు. నేను వెనక్కి తిరిగి చూశాను. చిట్టచివర చంకలో బిడ్డతో ఒకామె నిలబడి ఉంది. అందరికంటే కొంచెం ఆలస్యంగా, పక్కవాళ్ళ మొహాలు చూసి నవ్వింది.

నేను లేచి నిలబడి, "అమ్మా, ఆ చివరోళ్ళకు ఇనపడలేదు. ఇంకోసారి చెప్పు తల్లీ" అన్నాను. మా కోడలు నా కొంగు పట్టుకొని లాగింది. మైకు దగ్గరి అమ్మాయి తికమకపడి, అదే మాట మళ్ళీ గట్టిగా చెప్పింది. రెండోసారి చెబితే చమత్కారం చప్పబడిపోతుంది, అందుకని ముందువాళ్ళెవరూ నవ్వలేదు. వెనకామె ఒక్కతే నవ్వింది. చంకలో బిడ్డ ఉలిక్కిపడేంత గట్టిగా నవ్వింది.

దారి పొడుగునా కోడలు నా మీద అలిగింది. ఇలా పరువు తీస్తే ఇంకెప్పుడూ తీసుకుపోనంది. తీసుకుపోకపోయినా నేను పోతాను. పెళ్ళి కానీ, మీటింగు కానీ, నలుగురు కలిసి నవ్విన చోటల్లా వెనక్కి తిరిగి చూడకుండా నేను ఉండలేను.